ఎదురెండ, ఎదురు లైటు: రోడ్డుకు అడ్డుపడే వెలుగు తెర

పొద్దు వాలే వేళ బండి మలుపు తిరుగుతుంది. అప్పటిదాకా ఉందో లేదో తెలియనంత తేటగా ఉన్న ముందద్దం ఒక్కసారిగా పాలు పూసినట్టు తెల్లబడుతుంది. రోడ్డు మీది గీత, ముందు పోతున్న స్కూటరు, అంచున నడుస్తున్న మనిషి, అన్నీ ఆ తెలుపులో కలిసిపోతాయి. చేయి ఎత్తి కళ్లకు అడ్డం పెట్టుకునేలోపు బండి ఎంత దూరం పోయిందో లెక్క కడితే గుండె ఝల్లుమంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మూడు సెకన్లలో 50 మీటర్లు చూపు లేకుండానే గడిచిపోతాయి.

మలుపుకు ముందున్న సూర్యుడే తర్వాతా ఉన్నాడు. అద్దమూ అదే. అయినా ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ సమస్యలో సగం అర్థమైనట్టే. అద్దం మీది సన్నని దుమ్ము, వేలిముద్రల జిడ్డు, వైపర్ గీసిన గీతలు తమ మీద పడిన కాంతిని అన్ని వైపులకూ సమానంగా చెదరగొట్టవు. చాలామటుకు వచ్చిన దారినే ముందుకు, కాస్త పక్కలకు పరిచి పంపుతాయి. సూర్యుడు వీపు వెనక ఉంటే ఆ చెదిరిన వెలుగు కంటికి చేరదు కాబట్టి అద్దం శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. సూర్యుడు ఎదురైతే మాత్రం అదంతా నేరుగా కంటిలోకే వస్తుంది. ఆ మురికి పొద్దున్నుంచీ అక్కడే ఉంది, ఎదురెండ పడ్డాక బయటపడింది, అంతే.

అందుకే చాలామంది అద్దాన్ని బయట తుడిచి ఊరుకోవడం పొరపాటు. లోపలి వైపు కూడా ఒక పొర పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకు వేడెక్కినప్పుడు దాని నుంచి ఆవిరయ్యే పదార్థాలు చల్లని అద్దానికి అంటుకుని పలచని జిడ్డు పొరగా మారతాయి. కొత్త బండిలో ఇది మరీ ఎక్కువ. చీకట్లో బండి ఆపి, బయటి నుంచి ఎవరినైనా ఫోన్ టార్చి అద్దం మీదికి ఏటవాలుగా పట్టుకోమని, లోపల డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే ఆ పొర, అద్దం తుడిచిన చేయి ఎటు తిరిగిందో చెప్పే వలయాలతో సహా కనిపిస్తుంది. తడి గుడ్డతో ఒకసారి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మరోసారి తుడిస్తే పోతుంది. ఎదురెండకు ఇంత చవకైన మందు ఇంకోటి లేదు, ఇంతగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ లేదు.

అద్దంలో జరిగేదే కంటిలోనూ జరుగుతుంది. కార్నియా, కటకం, లోపలి ద్రవం ఎంత తేటగా ఉన్నా కొంత కాంతిని చెదరగొడతాయి. పక్క నుంచి వచ్చిన బలమైన వెలుగు అలా చెదిరి రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) మీద ఒక తెరలా పరుచుకుంటుంది. చీకటి రోడ్డు మీద ముదురు రంగు బట్టలేసుకున్న మనిషి ఆకారం ఆ తెర కింద పడిపోతుంది. మనిషికీ రోడ్డుకూ మధ్య ఉన్న కొద్దిపాటి తేడా కూడా చెరిగిపోతుంది. 1926లో హాలడే, 1929లో స్టైల్స్ అనే పరిశోధకులు ఈ తెర ఎంత దట్టంగా ఉంటుందో లెక్కగట్టారు. వాళ్ల సూత్రం ప్రకారం కంటిని చేరే వెలుగు రెట్టింపైతే తెర కూడా రెట్టింపవుతుంది. కానీ మనం చూస్తున్న చోటికీ ఆ వెలుగుకూ మధ్య కోణం రెట్టింపైతే తెర నాలుగో వంతుకు పడిపోతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతుకు. అంటే వెలుగు బలాన్ని తగ్గించడం కంటే దాన్ని చూపుకు కాస్త పక్కకు తప్పించడం ఎన్నో రెట్లు మేలు. ఈ వ్యాసంలో ఇక ముందు వచ్చే చాలా జాగ్రత్తలకు మూలం ఈ ఒక్క లెక్కే.

నల్లకళ్లద్దాల సంగతి చూద్దాం. ఎదురెండ అనగానే అందరి చేయీ వాటి మీదికే పోతుంది. అవి కంటికి హాయినిస్తాయి, కాదనలేం. కళ్లు చికిలించాల్సిన పని తప్పుతుంది, తలనొప్పి తగ్గుతుంది. కానీ నల్లద్దం సూర్యుడి వెలుగునూ తగ్గిస్తుంది, రోడ్డు మీది మనిషి నుంచి వచ్చే వెలుగునూ అంతే తగ్గిస్తుంది. తెరా పలచబడింది, తెర వెనక బొమ్మా పలచబడింది. రెండింటి మధ్య నిష్పత్తి అలాగే ఉంది. కంటికి బాధ తగ్గడం వేరు, చూపు మెరుగవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు ఎదురెండలో వేగం తగ్గించరు. సరిగ్గా అక్కడే ప్రమాదం పొంచి ఉంటుంది.

ఎంత నలుపు అన్నదీ ముఖ్యమే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చలువ కళ్లద్దాలు 0 నుంచి 4 వరకు అయిదు తరగతులు. మామూలు ఎండకు వాడే మూడో తరగతి అద్దం 8 నుంచి 18 శాతం కాంతిని లోపలికి రానిస్తుంది. నాలుగో తరగతి 3 నుంచి 8 శాతమే. అది మంచు కొండల మీద తిరిగేవాళ్ల కోసం, బండి నడపడానికి పనికిరాదు. 75 శాతం కన్నా తక్కువ కాంతిని రానిచ్చే ఏ అద్దమైనా మసక చీకట్లో, రాత్రిపూట డ్రైవింగుకు తగదు. ఎండకు తమంతట తామే నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాల మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు మరో చేదు సంగతి. అవి నల్లబడేది అతినీలలోహిత కిరణాలకు. కారు ముందద్దం ఆ కిరణాలను దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది. కాబట్టి వీధిలో నల్లబడే ఆ కళ్లద్దాలు స్టీరింగు ముందు తెల్లగానే ఉండిపోతాయి.

పోలరైజ్డ్ కళ్లద్దాలది వేరే దారి. తడి రోడ్డు, బండి బానెట్, నీటి గుంట లాంటి వాటి మీద పడి వాలుగా తుళ్లి వచ్చే కాంతి తరంగాలు ఎక్కువగా అడ్డంగా ఊగుతుంటాయి. నీటి మీద దాదాపు 53 డిగ్రీల కోణంలో పడిన కాంతి తుళ్లితే అది పూర్తిగా అడ్డంగా ఊగేదే. పోలరైజ్డ్ అద్దం నిలువుగా ఊగే కాంతిని రానిచ్చి అడ్డంగా ఊగేదాన్ని ఆపుతుంది. అంటే మెరుపును మాత్రం ఏరి తీసేస్తుంది, రోడ్డును ఉంచుతుంది. అందుకే వర్షం వెలిసిన వెంటనే వచ్చే ఎండలో దీని ఉపయోగం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు ప్రతిబింబం ముందద్దంలో పడి అడ్డు వస్తుంటే దాన్ని కూడా బాగా తగ్గిస్తుంది. అయితే నేరుగా సూర్యుడి నుంచి వచ్చే కాంతికి అలాంటి దిశ ఏదీ లేదు. దాని ముందు ఇదీ ఒక నల్లద్దమే. పైగా కొన్ని బండ్లలో ఈ అద్దాల్లోంచి చూస్తే స్పీడు చూపించే డిజిటల్ తెర నల్లగా కనపడుతుంది. కొనేముందు తమ బండిలో కూర్చుని ఒకసారి చూసుకోవడం మంచిది.

మరి సూర్యుడిని పక్కకు తప్పించడమెలా? సన్ వైజర్ చేసే పని అదే. వెలుగును తగ్గించకుండా, దాన్ని కంటికి పడకుండా ఆపుతుంది. అందుకే నల్లద్దాల కన్నా వైజర్ గట్టి ఆయుధం. సీటు ఎత్తు పెంచుకుంటే వైజర్ అంచు కంటికి దగ్గరై ఇంకాస్త కిందున్న సూర్యుడినీ కప్పుతుంది. పక్క నుంచి కొట్టే ఎండకు దాన్ని కొక్కెం నుంచి తీసి కిటికీ వైపు తిప్పుకోవచ్చని తెలియనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ సూర్యుడు మరీ దిగిపోతే వైజర్ ఓడిపోతుంది. ఇంకా దించితే రోడ్డే కనపడదు.

అప్పుడు మిగిలేది కాలం. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. చేయి బారచాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. భూమధ్యరేఖకు దగ్గర్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా లేచి, నిట్టనిలువుగా దిగుతాడు. అక్కడ పిడికిలి ఎత్తు ఎక్కడానికి 40 నిమిషాలు చాలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ దారి ఏటవాలవుతుంది, ఈ గండం అంత పొడుగవుతుంది. తూర్పు ముఖంగా పోవాల్సినవాళ్లు పొద్దున ఇరవై నిమిషాలు ఆగి బయల్దేరితే సూర్యుడు 5 డిగ్రీల ఎత్తు నుంచి 10 డిగ్రీలకు చేరతాడు. కోణం రెట్టింపైంది కనుక పాత సూత్రం ప్రకారం కంటిలో తెర దాదాపు నాలుగో వంతుకు దిగిపోతుంది, వైజర్ కూడా పనిలోకి వస్తుంది. ఇరవై నిమిషాల ఆలస్యానికి ఇంత ఫలితం వేరే ఎక్కడా దొరకదు. నేరుగా తూర్పు పడమరలుగా వేసిన రోడ్ల మీద మార్చి, సెప్టెంబరు నెలల విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే) రోజుల్లో సూర్యుడు సరిగ్గా రోడ్డు కొసనే ఉదయించి రోడ్డు కొసనే అస్తమిస్తాడు. ఆ వారాల్లో మరింత జాగ్రత్త కావాలి.

సూర్యుడు వీపు వెనక ఉన్నప్పుడు అంతా బంగారు రంగులో, చెట్టు ఆకుతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాణం తేలికపడుతుంది. నిజానికి కలవరపడాల్సింది అప్పుడే. ఎదురుగా వస్తున్న డ్రైవరుకు ఆ సూర్యుడు ముఖాన కొడుతున్నాడు. అతనికి ఈ బండి ఒక నల్లని మచ్చ మాత్రమే, అదీ కనిపిస్తే. ఓవర్‌టేక్ చేయడానికో, అడ్డంగా తిరగడానికో అతను ముందుకు వస్తే అది పొగరు అయ్యుండకపోవచ్చు, చూడలేకపోవడమే కావచ్చు. కాబట్టి పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసుకోవాల్సింది వెనక సూర్యుడున్నవాళ్లే. వాళ్లకే మరో చిక్కు కూడా ఉంది. వెనక నుంచి పడే వాలు ఎండ సిగ్నల్ దీపాల లోపలి అద్దాల మీద పడి తుళ్లుతుంది. వెలగని దీపం వెలిగినట్టు కనిపిస్తుంది. ముఖ్యంగా పాత తరహా బల్బు సిగ్నళ్ల దగ్గర మూడు రంగులూ ఒకేసారి వెలిగాయా అన్న అనుమానం వస్తే పక్క బండ్లు ఏం చేస్తున్నాయో చూసి కదలాలి.

ఎదురెండలో వేగం తగ్గించేటప్పుడు ఒక్క సంగతి మరవకూడదు. వెనక వస్తున్నవాడికీ అదే ఎండ, అదే గుడ్డితనం. బ్రేకు దీపం అతని కంటికి ఆనకపోవచ్చు. సడన్ బ్రేకు కొట్టకుండా యాక్సిలరేటరు మీద నుంచి ముందే కాలు తీసి, బ్రేకు తేలిగ్గా రెండు మూడు సార్లు తాకించి నెమ్మదించాలి.

ఇక రాత్రి. ఎదురు లైటు దగ్గరకు వచ్చేకొద్దీ కంటికి అంతకంతకూ చేటు అని అందరూ అనుకుంటారు. లెక్క మాత్రం వేరేగా ఉంది. ఎదురుబండికీ మన చూపు దారికీ మధ్య పక్కదూరం 3.5 మీటర్లనుకుందాం. బండి 100 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ కోణం 2 డిగ్రీలు. 50 మీటర్లకు వచ్చేసరికి 4 డిగ్రీలు. దూరం సగమైంది కనుక కంటి మీద పడే వెలుగు నాలుగింతలవుతుంది. కోణం రెట్టింపైంది కనుక తెర నాలుగో వంతవుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే దీపం తీవ్రత ఆ దిశల్లో ఒకేలా ఉన్నంతవరకు, తెర అంత దూరం నుంచీ ఇంచుమించు ఒకే మందాన నిలిచి ఉంటుంది. బండి దాటే క్షణం కన్నా, దానికి ముందు గడిచే ఆ సుదీర్ఘమైన సెకన్లే అసలు ప్రమాద కాలం. అదే మధ్యలో డివైడర్ ఉండి ఎదురుబండి 3.5 బదులు 10.5 మీటర్ల పక్కన పోతుంటే తెర తొమ్మిదో వంతుకు తగ్గిపోతుంది. డివైడర్ల మీద గుబురు మొక్కలో, ప్లాస్టిక్ రెక్కలో పెడితే అంత కూడా ఉండదు.

డ్రైవరు తనంతట తాను చేయగలిగింది కళ్లు తిప్పడం. ఎదురు లైటు వైపు చూడొద్దని చెప్పడం సులువే కానీ, మెరిసేదాని మీదికి కన్ను తనకు తానే పోతుంది. ఎటు చూడకూడదో చెప్పే బదులు ఎటు చూడాలో చెప్పాలి. ఎడమ పక్కన నడిపే చోట ఎడమ అంచు గీతను, కుడి పక్కన నడిపే చోట కుడి అంచు గీతను పట్టుకుని పోవాలి. 30 మీటర్ల ముందున్న అంచు 2 మీటర్లు పక్కకు ఉంటే అక్కడికి చూపు 4 డిగ్రీలు తిరుగుతుంది. 100 మీటర్ల దూరంలోని లైటుతో కోణం 2 నుంచి 6 డిగ్రీలకు పెరిగి తెర తొమ్మిదో వంతుకు పడిపోతుంది. దీనికి ఖర్చు లేదు, కళ్లద్దం అక్కర్లేదు. వేగం తగ్గించి చేయాలి, ఎందుకంటే చూపు దగ్గరికి వచ్చింది. బండి దాటాక చీకటి మరీ చిక్కగా అనిపించే ఆ కొన్ని సెకన్లలో కూడా వేగం అలాగే తగ్గి ఉండాలి. రెటీనా తిరిగి చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. పనికి సరిపడా తేరుకోవడం కొన్ని సెకన్లలో జరిగినా, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక్కో సెకనుకు 22 మీటర్లు పోతున్నట్టు గుర్తుంచుకోవాలి. ఎదుటివాడు డిప్ చేయలేదని కోపంతో మన హై బీమ్ వేయడం వల్ల ఒకే రోడ్డు మీద ఇద్దరు గుడ్డివాళ్లు తయారవుతారు.

వెనక నుంచి కొట్టే లైటుకు లోపలి అద్దం కింద ఉన్న చిన్న మీట చాలు. ఆ అద్దం గాజు పైన మందంగా, కింద పలచగా ఉండే పట్టకం (ప్రిజం) లాంటిది. మీట తిప్పితే వెనకున్న వెండి పూత పక్కకు వాలి, గాజు ముందు తలం నుంచి తుళ్లే 4 శాతం వెలుగు మాత్రమే కంటికి వస్తుంది. డ్యాష్‌బోర్డు వెలుగు, ఫోన్ తెర వెలుగు కూడా బాగా తగ్గించుకోవాలి.

రాత్రి డ్రైవింగు కోసమంటూ అమ్మే పసుపు కళ్లద్దాల గురించి సూటిగా చెప్పాలి. వాటితో లాభం లేదు. బోస్టన్‌లోని షెపెన్స్ నేత్ర పరిశోధనా సంస్థ 2019లో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పరీక్షించి చూసింది. అవి పెట్టుకున్నవాళ్లు పాదచారులను ఏమాత్రం ముందుగా గుర్తించలేకపోయారు. పెట్టుకున్నవాళ్లకు హాయిగా ఉంటుంది, ఆ హాయే మోసం. ఉన్న కొద్ది వెలుగులో కొంత భాగాన్ని కూడా ఆ పసుపు మింగేస్తుంది.

వయసు సంగతి దాచిపెట్టుకోవాల్సినది కాదు. కంటి కటకం ఏళ్లు గడిచేకొద్దీ మసకేసి పసుపెక్కుతుంది. 50 ఏళ్లకు కంటిలో కాంతి చెదరడం యువకుడి కంటితో పోలిస్తే పావు వంతు ఎక్కువ, 70 ఏళ్లకు రెట్టింపు. శుక్లం వస్తే ఇంకా పెరుగుతుంది. చార్టు మీద అక్షరాలన్నీ చదవగలిగినవాళ్లు కూడా రాత్రి ఎదురు లైటులో ఏమీ చూడలేకపోవచ్చు, ఎందుకంటే ఆ చార్టు చదివించేది ఎదురు వెలుగు లేని గదిలో. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, చేయించుకోనివాళ్లతో పోలిస్తే ప్రమాదాల రేటు సగమేనని అలబామా పరిశోధకులు 2002లో చూపించారు. ఇంట్లో పెద్దవాళ్లు రాత్రిపూట బండి తీయడం తమంతట తామే మానేస్తే దాన్ని బద్ధకమనో భయమనో కొట్టిపారేయకుండా ఒకసారి కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

దీపాల చుట్టూ పుల్లలు చిమ్మినట్టు కిరణాలు కనిపిస్తుంటే తప్పు కంటిదో అద్దానిదో తేల్చుకునే చిన్న ఉపాయం ఒకటుంది. బండి ఆపి, దూరంగా ఉన్న వీధి దీపాన్ని చూస్తూ తల కాస్త పక్కకు వంచాలి. కిరణాలు తలతో పాటు తిరిగితే చిక్కు కంటిలోనో, పెట్టుకున్న కళ్లద్దాల్లోనో ఉంది. కదలకుండా ఉంటే ముందద్దంలో ఉంది. వైపర్ గీతల వల్ల వచ్చే వెలుగు చార ఆ గీతలకు అడ్డంగా సాగుతుంది, వైపర్ రబ్బరు మారిస్తే కొత్త గీతలు పడడం ఆగుతుంది. మోటారుసైకిలు నడిపేవాళ్లకు ముందద్దమంటే హెల్మెట్ వైజరే. పొడి గుడ్డతో దుమ్మును రుద్దడం వల్ల దాని మీద పడిన సన్నని గీతలను ఏ తుడుపూ పోగొట్టదు, వైజర్ మార్చాల్సిందే. నల్ల వైజర్ రాత్రికి పనికిరాదు.

ఇదంతా వెలుగు పడేవాళ్ల వైపు మాట. వెలుగు వేసేవాళ్ల వైపు బాధ్యత ఇంకా పెద్దది. లో బీమ్ పైభాగం కత్తితో కోసినట్టు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. ఆ గీత కిందికి వాలి ఉండాలి, మామూలుగా 1 శాతం, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. చాలా బండ్లలో ఈ శాతం హెడ్‌లైటు దగ్గరే ముద్రించి ఉంటుంది. ఆ వాలు ఎంత సున్నితమో చూడండి. ముందు, వెనక చక్రాల మధ్య 2.7 మీటర్లున్న కారులో వెనక భాగం 2.7 సెంటీమీటర్లు కుంగితే ఆ 1 శాతం మొత్తం పోయినట్టే. డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో ముగ్గురు ఉంటే అంత కుంగడం మామూలే. డ్రైవరు లో బీమ్‌లోనే ఉన్నాననుకుంటాడు, ఎదుటివాడి కళ్లలో మాత్రం సూదులు గుచ్చుకుంటాయి. 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం డ్యాష్‌బోర్డు మీద ఉండేది దీనికోసమే. బరువు పెరిగితే అంకె పెంచాలి, లైటు కిందికి దిగుతుంది. ఎన్నేళ్లు బండి నడిపినా దాన్ని ఒక్కసారీ తాకనివాళ్లున్నారు.

సరి చూసుకోవడం కష్టం కాదు. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టాలి. హెడ్‌లైటు మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద అంత ఎత్తున గుర్తు పెట్టాలి. లో బీమ్ వేస్తే వెలుగు గీత ఆ గుర్తుకు 10 సెంటీమీటర్ల కింద పడాలి. పైకి పోతే మెకానిక్ దగ్గర దించాల్సిందే. హాలోజన్ బల్బు కోసం చేసిన డూములో ఎల్‌ఈడీ బల్బు బిగించడం ఇంకా పెద్ద తప్పు. ఆ రిఫ్లెక్టరు వంపు అంతా సన్నని ఫిలమెంటు ఉండే చోటును బట్టి గీసింది. వెలుగు పుట్టే చోటు కొద్ది మిల్లీమీటర్లు జరిగినా కోత గీత చెదిరిపోయి కాంతి పైకి చిమ్ముతుంది. వేసుకున్నవాడికి రోడ్డంతా తెల్లగా కనిపించి బాగుందనిపిస్తుంది, దాని మూల్యం ఎదుటివాడు చెల్లిస్తాడు. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనలు 2000 ల్యూమెన్లు (దీపం వెలుగుకు కొలత) దాటిన లో బీమ్ దీపాలకు తనంతట తానే వాలు సరిచేసుకునే ఏర్పాటునూ, దీపం కడిగే ఏర్పాటునూ అడిగేది ఊరికే కాదు.

కొత్త దారి మ్యాట్రిక్స్ దీపాలది. 2013లో ఆడీ ఏ8తో వచ్చిన ఈ పద్ధతిలో హై బీమ్‌ను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఎదురుబండి ఉన్న ముక్కను మాత్రం ఆర్పేస్తారు. ఆ బండి చుట్టూ వెలుగు అలాగే ఉంటుంది. అమెరికా దీన్ని 2022లో గానీ అనుమతించలేదు. ఇది బాగా పనిచేస్తుంది, కానీ ఖరీదైన బండ్లకే ముందుగా దక్కింది.

ఇంతకన్నా చాలా ముందే ఒక కుర్రాడు మూలం నుంచీ పరిష్కారం ఆలోచించాడు. హార్వర్డ్ చదువు మధ్యలో ఆపేసిన ఎడ్విన్ లాండ్ 1929లో పోలరైజింగ్ ఫిల్ముకు పేటెంటు కోరినప్పుడు అతని మనసులో ఉన్నది హెడ్‌లైట్లే. ప్రతి బండి దీపానికీ, డ్రైవరు కళ్ల ముందూ ఆ ఫిల్మును ఒకే వైపుకు 45 డిగ్రీలు వాల్చి పెడితే సొంత దీపం వెలుగు నేరుగా కనిపిస్తుంది. ఎదురుబండి ముఖం ఇటు తిరిగి ఉంటుంది కనుక దాని వాలు అడ్డమై, ఆ వెలుగు ఆగిపోతుంది. లెక్క అచ్చంగా కుదిరింది. కానీ ఫిల్ము సగానికి పైగా వెలుగును మింగేస్తుంది కాబట్టి దీపాల బలం బాగా పెంచాలి, అదీగాక రోడ్డు మీది బండ్లన్నీ ఒకేసారి మారితేనే ఫలితం. ఏళ్ల తరబడి కార్ల కంపెనీల చుట్టూ తిరిగినా ఎవరూ ముందుకు రాలేదు. రాత్రి వెలుగును ఆపడానికి పుట్టిన ఆ ఫిల్ము 1930ల నడుమ పగటి ఎండ కోసం కళ్లద్దాల్లోకి చేరింది.